హెచ్‌డీఎల్ అంకె ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లకి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందు పోయేది అంకెల పక్కన పడ్డ ‘హెచ్’ (ఎక్కువ), ‘ఎల్’ (తక్కువ) గుర్తుల మీదకే. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ దగ్గర ఆ గుర్తుల్ని నమ్ముకుంటే తప్పుదారి పడతాం.

చాలా ల్యాబులు ఆడా మగా తేడా లేకుండా 40–60 అని ఒకే హద్దు అచ్చేస్తాయి. 66 వస్తే పక్కన ‘హెచ్’ పడుతుంది, ఇంటిల్లిపాదికీ కంగారు. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. అదే 44 వచ్చిన ఆవిడ కాగితం మీద ఏ గుర్తూ ఉండదు, కానీ ఆడవాళ్లకి 50 లోపు అంటే తక్కువ కిందే లెక్క. మగవాళ్లకి 40. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు పంపే రిపోర్టులో 0.9 అని కనిపిస్తే హడలిపోకండి, ఆ కొలత వేరు, అది లీటరుకి మిల్లీమోల్స్‌లో ఉంటుంది. 38.67తో గుణిస్తే మన లెక్కలోకి (డెసీలీటరుకి మిల్లీగ్రాములు) వస్తుంది, దాదాపు 35.

ఇప్పుడు మన ప్రాంతంలో తరచూ కనిపించే తరహా రిపోర్టు ఒకటి చూడండి. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 260, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 104. ‘టోటల్ 200 లోపే ఉంది కదా’ అని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఆ 104 చాలా ల్యాబుల్లో విడిగా కొలిచింది కాదు, లెక్కగట్టింది: 190లోంచి 34 తీసి, 260ని 5తో భాగించగా వచ్చిన 52 కూడా తీసేశారు. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క గురి తప్పుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు. అందుకని మీరే ఇంకో లెక్క వేసుకోండి. 190లోంచి 34 తీసేస్తే 156. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల్లో పేరుకునే కొలెస్ట్రాల్ మొత్తం ఇందులోనే ఉంటుంది. మామూలు మనిషికి ఇది 130 లోపు ఉండాలి. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు ఇంకా తగ్గించమంటారు. నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే. చాలా కాగితాల మీద అది అచ్చయి ఉండదు కూడా.

హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ అన్న జోడీ ఊరికే రాదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరిగితే అవి హెచ్‌డీఎల్ రేణువుల్లోకి చేరతాయి, అలా మారిన రేణువుల్ని ఒళ్లు తొందరగా వదిలించుకుంటుంది. దీని వెనక చాలాసార్లు పొట్ట, షుగరు ఉంటాయి. మగవాళ్లకి నడుము 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే పరగడుపు షుగరు, బీపీ కూడా చూపించుకోవాలి.

హెచ్‌డీఎల్ పెంచే మాత్ర ఇమ్మని డాక్టర్ని అడగడం వల్ల లాభం లేదు. నియాసిన్ అనే మందు అంకెను పెంచింది గానీ, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడుతున్నవాళ్లలో గుండెపోట్లు తగ్గించలేకపోయింది. టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని బాగా పెంచింది, కానీ వాడినవాళ్లలో మరణాలు పెరగడంతో 2006లో ఆపేశారు. 90 దాటిన హెచ్‌డీఎల్ కూడా గుండెకి రక్షాకవచం కాదు. అది చూసి స్టాటిన్ మానేస్తే ప్రమాదం.

రక్తం ఎప్పుడిచ్చారన్నదీ ముఖ్యమే. మన కొండ ప్రాంతాల్లో మలేరియా తెలిసిందే. మలేరియా గానీ, మరే గట్టి జ్వరం గానీ వస్తే హెచ్‌డీఎల్ బాగా పడిపోతుంది. కోలుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించుకుంటేనే అసలు అంకె తెలుస్తుంది. హెచ్‌డీఎల్‌కి పరగడుపు అక్కర్లేదు, ట్రైగ్లిజరైడ్ల కోసమే 10–12 గంటలు ఆగమంటారు. మంచినీళ్లు తాగొచ్చు. తెల్లవారుజామున బస్సెక్కే ముందు తాగే పాల టీ మాత్రం వద్దు.

ఇంట్లో చేయగలిగిన వాటిలో మొదటిది పొగ మానడం. బీడీ, చుట్ట, పెద్దావిడలు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ, అన్నీ పొగే. మానేసిన కొన్ని వారాల్లోనే హెచ్‌డీఎల్ కాస్త లేస్తుంది. తర్వాత రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచడం, పంచదార తగ్గించడం, డాల్డా మానడం. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున వడిగా నడవాలి. మద్యం తాగితే హెచ్‌డీఎల్ పెరుగుతుందన్న మాట నిజమే, కానీ దాంతోపాటు ట్రైగ్లిజరైడ్లు, బీపీ కూడా పెరుగుతాయి.

మూడు నెలలయ్యాక మళ్లీ చేయించేటప్పుడు అదే ల్యాబుకి వెళ్లండి. ఒకసారి బరంపురంలో, ఇంకోసారి విశాఖలో ఇస్తే యంత్రాల తేడా కలుస్తుంది. 38 కాస్తా 40 అయితే అది మార్పు కింద లెక్క కాదు. ట్రైగ్లిజరైడ్లు 260 నుంచి 170కి దిగాయా, నాన్ హెచ్‌డీఎల్ ఎంత తగ్గింది అన్నవే చూడండి. హెచ్‌డీఎల్ 20 కన్నా కిందకి పోతే మాత్రం మూడు నెలలు ఆగకుండా డాక్టరుకి చూపించండి.