ప్రోలాగ్‌లో మా మేనమామ

బీటెక్ మూడో ఏడాదిలో మాకు పీపీఎల్ అనే పేపరు ఉండేది, అంటే ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్. "ఒట్టి థియరీరా, ముందు రాత్రి చదివినా పాసైపోతావ్" అన్నారు సీనియర్లు. నమ్మేశాను. సీ, జావా వచ్చు కదా, మిగతావీ అంతే, సెమికోలన్ల దగ్గరే తేడా అనుకున్నాను.

మొదటి మిడ్ పరీక్షలో దెబ్బ తగిలింది. ప్రశ్న ఇదీ: ఫంక్షన్ల బయట ఎక్స్ విలువ 10. ఎఫ్ అనే ఫంక్షన్ ఎక్స్‌ని ప్రింట్ చేస్తుంది. జీ అనే ఇంకో ఫంక్షన్ తన సొంత ఎక్స్‌లో 20 పెట్టుకుని ఎఫ్‌ని పిలుస్తుంది. ఏ ఎక్స్‌ని వాడాలో తేల్చే పద్ధతే స్కోపింగ్; స్టాటిక్ స్కోపింగ్ అయితే ఏమొస్తుంది, డైనమిక్ అయితే ఏమొస్తుంది? రెండింటికీ 20 అని రాసి వచ్చాను. స్టాటిక్‌లో ఎఫ్‌ని రాసిన చోటు చూడాలి, డైనమిక్‌లో దాన్ని పిలిచిన వాళ్లని చూడాలి. "మూడేళ్లుగా సీ రాస్తున్నావ్, అది ఏ రకమో ఎప్పుడూ చూసుకోలేదా?" అన్నారు మేడమ్, పేపరు చేతికిస్తూ.

తర్వాత ప్రోలాగ్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో అసైన్‌మెంట్. సీ, ప్రోలాగ్ రెండూ 1972 ప్రాంతంలోనే పుట్టాయి, అది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, ఇది ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో. పోలిక మాత్రం ఒక్కటీ లేదు. ఇక్కడ ఎలా చెయ్యాలో చెప్పం. తెలిసిన సంగతులు, వాటి మధ్య రూల్సు రాసి ప్రశ్న అడుగుతాం, అంతే. మా ఇంటి చుట్టరికాలే రాద్దామని అమ్మకి ఫోన్ చేసి తాతయ్య వైపు అందరి పేర్లూ అడిగాను.

"ఏంట్రా, ఎవరైనా సంబంధం అడిగారా?" అంది.

పేర్లన్నీ మర్యాదగా ఇంగ్లీషు పెద్ద అక్షరంతో (క్యాపిటల్) మొదలుపెట్టి టైపు చేశాను. ఇక ఎవరికి ఎవరు తండ్రి అని అడిగినా ట్రూ! మా చెల్లి తాతయ్యకి తండ్రి అట. ప్రోలాగ్‌లో పెద్ద అక్షరంతో మొదలైతే అది ఒకరి పేరు కాదు, వేరియబుల్, అంటే ఖాళీ గడి లాంటిది, ఎవరైనా అందులో ఇమిడిపోతారు. ఇది తెలిసేసరికి ల్యాబ్ గంట అయిపోయింది.

అది దిద్దాక మామయ్య తోబుట్టువులెవరంటే ఆయన పేరే వచ్చింది. అమ్మానాన్నలు ఒకరే కదా మరి! ఇద్దరూ వేరువేరు మనుషులై ఉండాలన్న షరతు రూల్ మొదట్లో పెడితే అసలు తోబుట్టువులే లేరంది. అప్పటికి ఆ రెండో మనిషెవరో దానికి తెలియదు. చివర పెడితే కుదిరింది.

పుస్తకాల్లో ఉదాహరణ ఎప్పుడూ అంకులే. మనకి అంకుల్ ఏమిటి, మేనమామా బాబాయా పెదనాన్నా? చివరి ఇద్దరినీ విడదీయడానికి పుట్టిన సంవత్సరాలు కూడా చేర్చాల్సి వచ్చింది. మేనమామకి మాత్రం ఒక్క లైను చాలు: తల్లికి తోబుట్టువు, మగవాడు. నా మేనమామ ఎవరని అడిగాను, చెప్పింది. అదే లైనుకి మామయ్య పేరిచ్చి నా చోటు ఖాళీగా వదిలితే మేనల్లుళ్లూ మేనకోడళ్లూ వరసగా వచ్చారు. సీలో అయితే రెండు ఫంక్షన్లు రాసేవాణ్ణి. భాషని బట్టి ఆలోచనే మారిపోతుందని అప్పుడు ఎక్కింది.

ఒకసారి పెట్టిన విలువని మార్చనివ్వని హాస్కెల్ అనే భాష అంత కలిసి రాలేదు. ఎక్స్‌కి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టబోతే ప్రోగ్రామ్ ముందుకు కదల్లేదు, నేనూ అక్కడే ఆగాను.

చివరి ఎక్స్‌టర్నల్ పరీక్షలో ప్రోలాగ్ మీద ఒక్క ప్రశ్న రాలేదు. స్కోపింగ్ వచ్చింది. ఈసారి రెండు జవాబులు రాశాను, 10, 20.