అమ్మకానికి గ్రాండ్ స్పోర్ట్ కన్వర్టిబుల్: కొనాలా వద్దా

1996 షెవ్రొలే కార్వెట్ గ్రాండ్ స్పోర్ట్, అందులోనూ కన్వర్టిబుల్. ఇక్కడ ఇండియానాలో మా ఇంటికి గంట దూరంలో ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసినప్పట్నుంచీ ఆఫీసు పని మీద ధ్యాస నిలవడం లేదు. ఆ ఏడాది మోడల్ కార్వెట్లు మొత్తం 21,536 తయారయ్యాయి, వాటిలో గ్రాండ్ స్పోర్ట్‌లు సరిగ్గా వెయ్యి, ఆ వెయ్యిలో పైకప్పు మడత పడని కూపేలు 810 పోగా పైకప్పు మడిచేసుకునేవి 190 మాత్రమే. అదే ఏడాది వెండి రంగులో కలెక్టర్ ఎడిషన్ అని ఇంకోటి తెచ్చారు, అవి 5,412 ఉన్నాయి, దాన్ని లిమిటెడ్ అనడానికి నాకైతే నోరు రాదు.

ఈ పేరు వెనక పెద్ద కథే ఉంది. 1962లో కార్వెట్ ఇంజినీర్ జోరా ఆర్కస్ డంటోవ్ రేసుల కోసం తేలికపాటి కారు ఒకటి 125 దాకా చేయిద్దామనుకున్నాడు. రేసుల్లో వేలు పెట్టొద్దని షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ పెద్దలు కచ్చితంగా చెప్పేసరికి అయిదింటితోనే ఆగిపోయింది. వాటిలో మూడు కంపెనీ చేతుల్లోంచి బయటపడి, 1963 డిసెంబర్లో బహామాస్‌లోని నాసో రేసుల్లో ప్రత్యర్థి కార్లయిన కోబ్రాలను ఓడించాయి కూడా. తర్వాత ఆ అయిదింటిలో మిగతా రెండింటి పైకప్పు కోసేసి రోడ్‌స్టర్లుగా మార్చారు. అందుకే 1996 కార్లలో కూపేనే అసలైనదని వాదించేవాళ్లతో నేను ఒప్పుకోను.

కాకపోతే కూపేవాళ్ల వాదనలో ఒక నిజం ఉంది. కూపేకి వెనక 315 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసి, అవి పట్టడానికి చక్రాల మీద అదనంగా అంచులు బిగించారు, కన్వర్టిబుల్‌కి 285 టైర్లతో సరిపెట్టారు. వెనక నుంచి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఇంజిన్ మాత్రం రెండింటికీ ఒకటే, 5.7 లీటర్ల ఎల్‌టీ4, 330 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ తప్ప ఆటోమేటిక్ దొరకదు.

మొన్న ఆదివారం వెళ్లి చూసొచ్చాను. అమ్ముతున్నది రిటైరైన పెద్దాయన, మాట నెమ్మది, కారు గురించి అడిగిందానికల్లా ఓపిగ్గా చెప్పారు. ముదురు నీలం మీద ముందు నుంచి వెనక దాకా మధ్యలో తెల్లటి చార, ఎడమ ముందు చక్రం పైన రెండు ఎర్ర గీతలు, నల్ల చక్రాలు. బానెట్ లేపితే కారు ముందు భాగమంతా మూత తెరిచినట్టు ముందుకు వాలుతుంది, లోపల ఇంజిన్ పైన సిలిండర్లకి గాలి పంచే ఎర్ర మానిఫోల్డ్. టాప్‌కి మోటారు లేదు, చేత్తోనే మడిచి సీట్ల వెనక మూత కింద సర్దాలి, వెనక అద్దం మాత్రం ప్లాస్టిక్ కాదు, నిజం గాజే. తలుపు దగ్గర గట్టు ఎంత ఎత్తంటే ఎక్కడం దిగడం రెండూ కసరత్తే. హ్యాండ్‌బ్రేక్ సీటుకీ తలుపుకీ మధ్యన ఉంది, వేశాక మళ్లీ కిందికి పడిపోతుంది, దాంతో కొత్తవాళ్లకి వేశామో లేదో తెలియక టెన్షన్.

ఇప్పుడు అసలు సంగతి. నీలం రంగు, తెల్ల చార ఎవరైనా వేయించుకోవచ్చు. అందుకే రంగు చూసి మురిసిపోకుండా నంబరు చూడాలి. గ్రాండ్ స్పోర్ట్‌లకి కంపెనీ సీరియల్ నంబర్లు విడిగా ఇచ్చింది, మామూలు కార్వెట్ల వరసలో అవి కలవవు. దాంతోపాటు కారు లోపల అంటించిన ఆప్షన్ కోడ్ల స్టిక్కర్ మీద గ్రాండ్ స్పోర్ట్ ప్యాకేజీ కోడ్ జెడ్16 అని ఉండాలి. ఈ కారులో రెండూ సరిపోయాయి, అంతవరకు హాయి.

అయినా నాకు భయం వేరే దాని మీద. ఈ ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే ఆప్టిస్పార్క్ అనే డిస్ట్రిబ్యూటర్‌ని ముందు వైపు, సరిగ్గా నీళ్ల పంపు కింద పెట్టారు. పంపు సీలు పోయిందంటే కారే కూలెంట్ అంతా తిన్నగా దాని మీదే పడుతుంది, ఇంజిన్ దగ్గడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత విప్పడానికి అయ్యే కూలీ గురించి చెప్పనక్కర్లేదు. ఎవరు ఏ ధ్యాసలో అక్కడ పెట్టారో గానీ, ఇన్నేళ్లుగా ఈ కార్లవాళ్లు తిట్టుకోని రోజు ఉండదు.

పెద్దాయన గర్వంగా చెప్పిన విషయం, కారు పెద్దగా తిరగలేదని. నాకది అంత గొప్పగా అనిపించలేదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. దీని టైర్ల మీద 2309 అని ఉంది, అంటే 2009లో చేసినవి. పైకి నిగనిగలాడుతున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, దాంతో వర్షంలో నడపడమంటే ముందుంది ముసళ్ల పండగ. గొట్టాలు, సీళ్లు కూడా ఆ వయసువే అనుకోవాలి. బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి తుప్పు గొడవ లేదు గానీ కింద ఫ్రేమ్ ఇనుమే, చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని వదలదు. వారానికోసారైనా బయటికి తీసి, బాగుచేయించుకుంటూ నడిపిన కారైతే నేను ఇంకాస్త ఎక్కువే ఇస్తాను.

ఇంట్లో చెప్పగానే మా ఆవిడ, "రెండే సీట్లు కదండీ, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు?" అంది. జవాబు లేదు నా దగ్గర. హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, నీకు అక్కర్లేకపోతే కంటైనర్లో వేసి ఇటు పంపెయ్" అన్నాడు. వాడి ఉత్సాహం బాగానే ఉంది గానీ మామూలుగా మూడేళ్లు దాటిన పాత కారుని ఇండియాకి తెచ్చుకోనివ్వరు, పైగా స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ కార్వెట్‌ని ఎడమ స్టీరింగ్‌తోనే చేశారు.

కొత్తలో కన్వర్టిబుల్ ధర 45,060 డాలర్లు, గ్రాండ్ స్పోర్ట్ ప్యాకేజీకి ఇంకో 2,880. ఇప్పుడు పెద్దాయన అడుగుతున్నది రాయను, బేరం ఇంకా తెగలేదు. ఈ శనివారం లిఫ్ట్ ఎక్కించి కింద చూడనిస్తానన్నారు. ఫ్రేమ్ బాగుండి, పంపు చుట్టూ తడి లేకపోతే నాలుగు టైర్ల ఖర్చు తగ్గించమని అడుగుతాను. ఆయన గనక అరుదైన కార్లు సేకరించేవాళ్లు ఇచ్చే కలెక్టర్ రేటు అనే మాట ఎత్తితే, పాత సర్వీసు బిల్లులన్నీ తీయమంటాను.