ముందు రెండు స్పీకర్లే
మా ఇల్లు విజయనగరంలో మ్యూజిక్ కాలేజీకి దగ్గరే, అదే ఘంటసాల గారు చదివిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసింది. నాన్నకి పొద్దున్నే నాయుడు గారి వయొలిన్ పడాల్సిందే, పిల్లలకేమో సినిమా పెడితే హాలు అదిరిపోవాలి. మొదట ఒకే పెట్టెలో వచ్చే 5.1 సెట్ కొన్నాం, అంటే ఐదు బుల్లి స్పీకర్లు (శాటిలైట్లు అంటారు), కింది స్వరాలకి విడిగా ఒక సబ్‌వూఫర్. సినిమాకి పర్లేదు గానీ వయొలిన్ పెడితే నాన్న రెండు నిమిషాలు విని "తీగ మీద కమాను లాగినట్టు లేదురా, రేకు మీద గీసినట్టుంది" అని లేచెళ్లిపోయారు. ఆ మాట నన్ను బాగా పట్టేసింది. బుల్లి శాటిలైట్ స్పీకర్లు కింది స్వరాలు పలకలేవు కదా, ఆ బరువంతా సబ్‌వూఫర్ మీద పడి మధ్య స్వరాలు పలచబడిపోతాయి.

ఈసారి డబ్బులన్నీ ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లకే (అరలో పట్టే సైజువి) పెట్టా, కింది స్వరాలు పలికే వూఫర్ 6.5 అంగుళాలు ఉన్నవి. గోడ నుంచి జానెడు ముందుకి లాగి, రెండు స్పీకర్లూ మేం కూర్చునే చోటూ కలిపి సమబాహు త్రిభుజం వచ్చేలా టేపుతో కొలిచి పెట్టా. సినిమాకి 80 హెర్ట్జ్ కింద ఉండే లోతైన శబ్దమంతా సబ్‌వూఫర్‌కి, పాటలకి ఒట్టి స్టీరియో, అంటే ఈ రెండు స్పీకర్లే. డైలాగులు ఎక్కువగా మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి కాబట్టి అది కూడా ఇదే సిరీస్‌లో తర్వాత కొంటా, గొంతు మారకూడదు.

నిన్న నాన్న కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నారు, పక్కన కాఫీ చల్లారిపోయింది.