హన్మకొండలోనే ఉండిపోయిన చిట్టి

వీధి కుక్కల్ని చూసుకునేవాళ్లలో ఒక అమ్మాయి, ఇప్పుడు మేం చిట్టి అని పిలిచే కుక్కను మొదట మాకు ఇవ్వనంది. మర్యాదగానే చెప్పింది కానీ సూటిగా చెప్పింది. "ఏమనుకోకండక్కా, సెలవులకు వచ్చిన అమెరికావాళ్లకు మేం ఇస్తలేం. పిల్లలు అడిగిన్రని తీసుకపోతరు, రెండు నెలలు ముద్దు చేస్తరు, ఫ్లైట్ ఎక్కే రోజు వాచ్‌మెన్ చేతుల పెట్టి పోతరు. మళ్ల ఫోన్ మాకే వస్తది."

నాకు కోపమొచ్చింది. మేం అట్లాంటి వాళ్లం కాదని చెప్పబోయాను. కానీ ఆగస్టు రెండో వారానికి మా టికెట్లు ఉన్న మాట నిజం, ఆ తర్వాత కుక్క ఎక్కడుంటుందో మేం అప్పటికి ఆలోచించనే లేదన్నది ఇంకా నిజం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే మనసులో తిరిగింది.

మేముండేది డాలస్ దగ్గర, పదకొండేళ్లయింది. పెద్దదానికి 12, చిన్నోడికి 8. నాన్న చనిపోయి రెండేళ్లయింది, అప్పటి నుంచి అక్కడ బడి సెలవులివ్వగానే పిల్లల్ని తీసుకుని హన్మకొండలో అమ్మ దగ్గరికి వచ్చేస్తున్నాను. పగలు అమ్మతో ఉంటాను, రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. పెద్దది డాలస్‌లో నాలుగేళ్లుగా కుక్క కావాలంటోంది, పొద్దున ఎనిమిదింటికి తాళం పడితే సాయంత్రం నాలుగు దాటాక తెరుచుకునే ఇల్లు మాది కాబట్టి మేం వద్దంటూ వస్తున్నాం.

2025 జూన్‌లో మేం వచ్చేసరికి అమ్మ వాళ్ల వెనక గల్లీలో ఒక గేటు ముందు ఈ కుక్క కూర్చుని ఉంది. ఆ ఇంట్లో కిరాయికున్నవాళ్లు ఖాళీ చేస్తూ దాన్ని వదిలేసి వెళ్లారట. ఇల్లు తాళం వేసి ఉన్నా అది మాత్రం అక్కడి నుంచి కదల్లేదు, ఎవరైనా బిస్కెట్ వేస్తే తిని మళ్లీ గేటు వైపే తిరిగి కూర్చునేది. పెంచిన జంతువును ఇలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే, కానీ మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉండటం నాకు చాలా బాధగా ఉంది.

వీధి కుక్కల్ని చూసుకునే నలుగురైదుగురు కుర్రవాళ్లు దాన్ని తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించారు. అందరూ పమేరియన్ అనే ఆ తెల్లని జాతే. ఆరున్నర కిలోలు. పళ్లు చూసి అయిదారేళ్లుంటాయన్నారు. చన్నులు సాగిపోయి ఉన్నాయి, అంటే చాలాసార్లు ఈనింది, బహుశా పిల్లల్ని అమ్ముకోవడానికే పెంచి ఉంటారు. జుట్టంతా ఉండలు కట్టి, పిడుదులు పట్టి, రక్తపరీక్షలో ఆ పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ బయటపడింది. దానికి 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్ర వేయాలి. రేబిస్ టీకా వాళ్లే వేయించారు.

అందరూ కుక్కపిల్లనే అడుగుతారు, అయిదేళ్ల కుక్కను ఎవరూ అడగరు. నాకైతే పెద్దవాళ్లున్న ఇంటికి వయసొచ్చిన కుక్కే నయమనిపిస్తుంది. అది ఇంకెంత పెరుగుతుందోనన్న బెంగ లేదు, రాత్రంతా ఏడవదు, చెప్పులు కొరకదు, దాని గుణమేంటో రెండు వారాల్లో తెలిసిపోతుంది. ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులకు తోడు అని చెప్పి పెద్ద జాతి కుక్కపిల్లను కొనిచ్చి విమానమెక్కేవాళ్లను నేను చూశాను, డెబ్బై ఏళ్ల మనిషి ముప్పై కిలోల కుక్కను గొలుసు పట్టుకుని ఆపగలదా అని ఒక్కసారి కూడా అనుకోరు.

నేను మళ్లీ ఫోన్ చేశాను. మాకు కాదు, మా అమ్మ ఇంటికి అన్నాను. ఆ అమ్మాయి మర్నాడే వచ్చింది. మాతో ఎక్కువ మాట్లాడలేదు. గేటు కడ్డీల మధ్య సందు చూసింది, ఆ సందులోంచి చిన్న కుక్క సులువుగా దూరుతుందట, కింద జాలీ కట్టించమంది. డాబా మెట్లు చూసింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుని, "మీకు ఇష్టమేనా అమ్మా? మీ మనవరాలి కోసం కాదు, మీకు" అని అడిగింది.

అమ్మ వెంటనే జవాబివ్వలేదు. అమ్మకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు పరకాల దగ్గర వాళ్ల ఊళ్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న మనిషి. ఆ పైన 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధి కుక్కలు ఒక పిల్లవాణ్ని చంపేశాయి, ఆ వార్త వచ్చిన రోజు నుంచి అమ్మ మా పిల్లల్ని ఒంటరిగా గల్లీలోకి పంపదు. ఆ భయం అర్థం లేనిది కాదు. పిల్లలకు అదే చెప్పాను, అమ్మమ్మది పాతకాలం అనుకోవద్దు, ఆమె చూసింది మీరు చూడలేదని.

చివరికి అమ్మ అన్నది, "పదిహేను రోజులు చూస్త. పూజగదిల, వంటింట్ల అడుగు పెట్టద్దు. మంచమెక్కితె మాత్రం ఊకోను." పెద్దదాని మొహం వాడిపోయింది, ఎందుకంటే దాని స్నేహితురాళ్ల ఇళ్లలో కుక్కలు మంచం మీదే పడుకుంటాయి. ఇది అమ్మమ్మ ఇల్లు, ఇక్కడి పద్ధతి అమ్మమ్మది అన్నాను. వంటింటి గడప బయట ఒక పాత దుప్పటి మడత వేసి పరిచాం. అమ్మే చిట్టి అని పిలవడం మొదలుపెట్టింది. పిల్లలు అనుకున్న పేర్లు వేరే ఉన్నాయి, అవి ఎవరికీ గుర్తులేవు ఇప్పుడు.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్పారు ఆ కుక్కల్ని చూసుకునేవాళ్లు. మూడు రోజులు భయపడుతుంది, మూడు వారాలకు ఇంటి అలవాట్లు పడతాయి, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. ఉజ్జాయింపు లెక్కే, కానీ మాకు చాలా పనికొచ్చింది. మొదటి మూడు రోజులు చిట్టి దివాన్ కింద నుంచి బయటకే రాలేదు. ఎవరూ కిందికి వంగి చూడొద్దు, చెయ్యి పెట్టొద్దు, గిన్నె అక్కడ పెట్టి వచ్చేయండి అన్నారు. చిన్నోడికి అది పెద్ద శిక్ష.

ఒకరోజు సాయంత్రం బయటకొచ్చి తింటోంది. అమ్మ చిన్నోడితో "పో, తానం చెయ్యిపో" అన్నది. చిట్టి గిన్నె వదిలేసి తోక ముడుచుకుని దివాన్ కిందికి వెళ్లిపోయింది. మర్నాడు నేను పెద్దదాన్ని "పడుకోపో" అన్నప్పుడూ అంతే. గమనించింది పెద్దదే. "అమ్మా, పో అంటే భయపడుతోంది" అంది. మన ఇంట్లో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు దొర్లుతుందో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ కాసేపు ఊరుకుని, "పాపం, ఎంతమంది పొమ్మన్నరో దీన్ని" అన్నది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరమూ పో అనలేదు. అరవై ఏళ్ల నోటి అలవాటు, అమ్మ రెండు రోజుల్లో మానేసింది.

పెద్దది వీడియోలు చూసి నేర్చుకున్న సిట్, స్టే చిట్టికి అర్థం కాలేదు. అమ్మ "కూసో" అంటే కూర్చునేది. అందుకని పెద్దది కూసో, దా, ఆగు, వద్దు నేర్చుకుంది, తర్వాత చిట్టితో చిన్న చిన్న మాటలు మాట్లాడటం మొదలుపెట్టింది. ఇది చెప్పాలి: మా పిల్లకు తెలుగు రాక కాదు మాట్లాడనిది. ఏడేళ్లప్పుడు ఒక పెళ్లిలో అది ఏదో అంటే చుట్టాలంతా పగలబడి నవ్వారు, మళ్లీ అను మళ్లీ అను అని నలుగురిలో అనిపించారు. ఆ రోజు నుంచి నోరు తెరవలేదు. చిట్టి నవ్వలేదు. దయచేసి బయట పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడితే నవ్వకండి, ముద్దుగా ఉందని కూడా నవ్వకండి.

తిండి దగ్గర అమ్మకు, పిల్లకు పెద్ద వాదనే నడిచింది. అమ్మ లెక్కలో కుక్కంటే మిగిలిన అన్నం, కూర తినేది. పెద్దది డాక్టర్ చెప్పినవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది: ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దు, ఉడికిన చికెన్ బొక్కలు వద్దు. పాయసంలో కిస్మిస్ కూడా ప్రమాదమే అంటే అమ్మ నమ్మలేదు, డాక్టర్‌తో ఫోన్‌లో చెప్పిస్తే నమ్మింది. ఇప్పుడు ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, క్యారెట్. టిక్ ఫీవర్ మాత్ర మాత్రం అమ్మ ఉడికిన గుడ్డులో పెట్టి తినిపించేది, 28 రోజుల్లో ఒక్కరోజు తప్పలేదు. జూన్ ఎండకు పొద్దున ఆరులోపే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లేవాళ్లం, సాయంత్రం రోడ్డు మీద అరచెయ్యి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచగలిగితేనే బయటికి.

తొమ్మిదో రోజు చిట్టి చిన్నోణ్ని కరిచింది. నిద్రపోతున్నదాన్ని వాడు వెనక నుంచి వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. చేతి మీద చర్మం గీరుకుంది, రక్తం రాలేదు. నేను వాణ్ని నల్లా కింద నిలబెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను, నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. కుక్కకు టీకా వేయించినా దాని పాత చరిత్ర మనకు తెలియదు కాబట్టి వాడికి కూడా వేయాల్సిందే అన్నారు డాక్టర్. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు, చేతికి చిన్న సూది. రక్తం రాలేదు కాబట్టి గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో సూది అవసరం లేదన్నారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, అందుకని ఇందులో చూద్దాంలే అనే మాటే ఉండకూడదు. అమ్మ ఆసుపత్రికి మాతో వచ్చింది. సూది చేతికి వేసేదాకా నమ్మలేదు, "గంతేనా?" అని నర్సును రెండుసార్లు అడిగింది.

ఆ రాత్రి కుక్కను తిరిగి ఇచ్చేద్దామని నేనే అన్నాను. అమ్మ ఇచ్చేయమంటుందనుకున్నాను. చిన్నోడు ఏడుస్తూ "నేనే భయపెట్టాను" అన్నాడు. అమ్మ వాణ్ని దగ్గరికి తీసుకుని, "పండుకున్నదాన్ని ముట్టొద్దు బిడ్డా, మనిషినైనా అంతే" అన్నది. చిట్టి ఉండిపోయింది.

జూలైకి పెద్దది ఇక చిట్టిని డాలస్ తీసుకెళ్దామని మొదలుపెట్టింది. బయటి నుంచి కుక్కల్ని తీసుకెళ్లడానికి 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు గట్టిగా ఉన్నాయి, రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనది ఉంది. ముందు గుర్తు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా, మొదటి టీకా అయితే కనీసం 30 రోజులాగి రక్తం తీసి వాళ్లు ఆమోదించిన ల్యాబ్‌కు పంపాలి, రక్తం తీశాక 28 రోజులు దాటాలి, ప్రభుత్వ పశువైద్యుల ధ్రువీకరణ ఉండాలి, అక్కడ సీడీసీ గుర్తించిన జంతువుల కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. పెద్దది లెక్క వేసి ఈ ఏడాది కుదరదని తేల్చుకుంది, వచ్చే ఏడాదికి ఇప్పుడే చిప్ వేయిద్దామంది.

నేను కాదనలేదు. ఒక్కరోజు చిట్టి ఎక్కడెక్కడుందో గంట గంటకు రాయమన్నాను. రాసింది. ఆరింటికి అమ్మమ్మ వాకిలి ఊడుస్తుంటే వాకిట్లో, ఎనిమిదింటికి వంటింటి గడప బయట, పదకొండింటికి అమ్మమ్మ కూరగాయలు తరుగుతుంటే పక్కన, రెండింటికి కూలర్ ముందు అమ్మమ్మ కాళ్ల దగ్గర. కింద డాలస్‌లో అయితే ఎలా ఉంటుందో కూడా తనే రాయడం మొదలుపెట్టింది. ఎనిమిది నుంచి నాలుగు దాకా ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది, మళ్లీ అడగలేదు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా. కుక్క ఎవరికి ఎక్కువ కావాలన్నది కాదు, కుక్కకు ఎవరు కావాలన్నది చూడాలని నేను చెప్పి ఉంటే అది వినేది కాదు, అందుకే చెప్పలేదు.

వచ్చేముందు చేయాల్సినవి చేశాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, చేయించకపోతే ఈ వయసు ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. అమ్మకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే చిట్టిని ఎవరు చూస్తారని ఆ అమ్మాయి అడిగింది, నయీంనగర్‌లో ఉండే మా పిన్ని తను చూసుకుంటానని సంతకం పెట్టింది. ఈ రెండో మనిషి లేకుండా పెద్దవాళ్ల ఇంట్లో కుక్కను పెట్టొద్దని నేను కూడా అంటాను.

మా కారు తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. ఇంట్లోంచి వెళ్లేటప్పుడు పోతున్న అనొద్దు, పోయొస్త అనాలని అమ్మ నాకు చిన్నప్పటి నుంచి నేర్పింది, నేను నా పిల్లలకు నేర్పలేదు, మాకు అక్కడ బై సరిపోయింది. పెద్దది గేటు దగ్గర కూర్చుని చిట్టి చెవి దగ్గర "వస్తా" అంది. పో అనే మాట పలకకుండా అంత చిన్న మాట అది ఎప్పుడు వెతుక్కుందో నాకు తెలియదు.

మొదటి వారం వీడియో కాల్‌లో పిల్లలిద్దరూ చిట్టీ చిట్టీ అని అరిచారు. గొంతులు వినగానే అది లేచి గేటు దగ్గరికి ఉరికింది, కాల్ అయిపోయాక కూడా గంటసేపు అక్కడే కూర్చుందని అమ్మ మర్నాడు చెప్పింది. "దాన్ని పిలవకుండ్రి బిడ్డా, మళ్ల గేటుకాడ కూసుంటది" అన్నది. అప్పటి నుంచి ప్రతి శనివారం మా పెద్దది ముందు అమ్మమ్మను ఫోన్ గడప వైపు తిప్పమంటుంది, తర్వాత తన వైపు మ్యూట్ నొక్కుతుంది. దుప్పటి మీద పడుకున్న చిట్టిని అలా చూస్తూ ఉంటుంది, అటు అమ్మ అది ఆ వారం ఏం తిన్నదో, కట్ట మీద ఎంత దూరం నడిచిందో చెబుతూ ఉంటుంది.