ఒక్క ఊపిరిలో ఎనిమిది అంకెలు

కాలి చెప్పు జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అత్తయ్య చూసి, "ఒక్క చెప్పుతో వచ్చావేంటమ్మా?" అని అడిగింది. రెండు రోజులుగా పాదాలు తిమ్మిరిగా ఉన్నాయి. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమేలే అనుకున్నాను. మర్నాడు పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాను.

గుంటూరులో డాక్టరు గారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. వెన్ను నుంచి నీరు తీసి, నరాల పరీక్ష చేసి, గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. జీబీఎస్ అంటే చాలామందికి తెలుస్తుంది. క్రిములతో పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తి పొరపాటున మన నరాల మీదే పడుతుంది. ఆ బలహీనత కాళ్ల నుంచి పైకి పాకుతూ ఊపిరి కండరాలను తాకితే వెంటిలేటర్ పెట్టాలి.

పద్నాలుగేళ్లు సండే స్కూలు చెప్పాను. స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, క్రిస్మస్ వంట, అన్నీ నా మీదే వేసుకునేదాన్ని. "మీరు లేకపోతే జరగదమ్మా" అని ఎవరైనా అంటే లోపల చాలా సంతోషం. బైబిల్లోని ఫిలిప్పీ 4:13 వాక్యం మా హాల్లో గోడకు ఉంది. "సమస్తమును చేయగలను" అన్న మాటే నాకు పెద్దగా కనిపించేది. "నన్ను బలపరచువానియందే" అన్నది కళ్ల ముందే ఉన్నా చదవకుండా దాటిపోయాను. పౌలు ఆ మాట బంధకాల్లో ఉండి రాశాడని పిల్లలకు చెప్పింది కూడా నేనే.

ఐసీయూలో రోజూ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలనో చూసేవారు. మొదటి రోజు 22. రెండో రోజు 15. మూడో రాత్రి 8 దగ్గర ఆగిపోయాను. సిస్టర్ వెంటిలేటర్‌ను నా మంచం దగ్గరకు లాగింది.

కూడికల్లో అరగంట ప్రార్థన చేసేదాన్ని. ఆ రాత్రి "యేసయ్యా" తర్వాత ఇంకో మాట రాలేదు. ఊపిరి కంటే ఆ భయమే ఎక్కువైంది: ప్రార్థన చేయలేని నేను దేవుణ్ణి ఎలా పట్టుకోవాలి? అప్పుడు రోమా 8:26 గుర్తొచ్చింది. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడు. పిల్లలచేత ఎన్నిసార్లో కంఠస్థం చేయించిన వాక్యం. నా దగ్గర మూలుగు మాత్రమే ఉంది. అది చాలని ఆ రాత్రి నమ్మాను. నమ్మి నిద్రపోయాను.

పొద్దున 9 అంకెల దాకా చెప్పగలిగాను. మర్నాడు 11. నరాల మీద ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఐదు రోజులు ఎక్కించారు. మందులు మానేసి విశ్వాసంతో ఉండమని ఒకరిద్దరు కబురు పెట్టారు. అది విశ్వాసమని నేను ఒప్పుకోను. ఆ సీసాలు నా రక్తనాళంలోకి ఎక్కుతుంటే ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఇంటికొచ్చాక మూడు నెలలు అన్నం మా వదినే తినిపించింది. తల దువ్వడం, స్నానం, అన్నీ ఆమే. మొదట్లో ఏడుపొచ్చేది. ఒకరికి పెట్టడమే తెలుసు నాకు, పెట్టించుకోవడం తెలియదు. ఫిజియోథెరపీలో ఆమె నా మోచేతులు పట్టి పైకి లేపుతుంటే నిర్గమకాండం 17లో మోషే కనిపించాడు. యుద్ధంలో ఆయన చేతులు ఎత్తి ఉంచినంతసేపే ఇశ్రాయేలీయులు గెలిచేవారు. చేతులు బరువెక్కితే ఆయన్ని రాయి మీద కూర్చోబెట్టి, అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు. దేవుడు ఆ చేతులకు బలం పంపింది ఇద్దరు మనుషుల ద్వారానే.

ఆరో నెలలో వాకర్ వదిలేశాను. వేళ్ల చివర్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, జాకెట్టు హుక్కు పెట్టుకోలేను.

మొన్న మే నెలలో వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిలు బడి) మొత్తం చిన్నవాళ్లే నడిపారు. నేను కుర్చీలో కూర్చుని మోషే కథ ఒక్కటే చెప్పాను. చేతులు ఎత్తాను, వణికాయి. ఇద్దరు పిల్లలు వచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. "ఎంతసేపు పట్టుకోవాలి టీచర్?" అని ఒకడు అడిగాడు. సూర్యుడు అస్తమించేవరకు పట్టుకున్నారని చెప్పాను. వాడు రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా పట్టుకున్నాడు.