లగేజీతో 118 కిలోమీటర్లు: ఈ రోజు లెక్కలు

దూరం 118 కిలోమీటర్లు, ఎక్కిన ఎత్తు మొత్తం కలిపి 900 మీటర్ల పైచిలుకు. తొక్కిన సమయం 6 గంటల 40 నిమిషాలు. పొద్దున బయలుదేరి సాయంత్రం సైకిల్ దిగేదాకా చూస్తే మాత్రం 9 గంటల 15 నిమిషాలు.

యాప్‌లో సగటు వేగం గంటకు 17.7 కిలోమీటర్లు అని కనిపిస్తుంది. ఆగిన సమయం కూడా కలిపితే అది 12.8కి పడిపోతుంది. రోజుకి ఎంత దూరం పెట్టుకోవాలో నేను ఈ చిన్న అంకెతోనే లెక్కేసుకుంటున్నాను. 18 వేగంతో 150 కిలోమీటర్లంటే ఎనిమిదిన్నర గంటల్లోపే అయిపోతుందనిపిస్తుంది కానీ, నిజంగా దాదాపు 12 గంటలు పడుతుంది. అంటే చివరి భాగం చీకట్లోనే.

ఆగిన రెండున్నర గంటల్లో భోజనానికి 50 నిమిషాలు, పంక్చర్‌కి 25 పోయాయి. మిగతాదంతా చిల్లర ఆగుళ్లే. చిన్న రోడ్ల మీద ట్రాఫిక్ ఉండదు, కానీ బోర్డు లేని మలుపులు చాలా ఉంటాయి. ప్రతిచోటా ఫోన్ తీసి చూస్తే రెండేసి నిమిషాలు పోతాయి. అందుకే ఈసారి మ్యాప్‌నీ రూటునీ ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో హ్యాండిల్‌కి బిగించాను. సిగ్నల్ కోసం వెతుక్కోదు కాబట్టి చార్జింగ్ కూడా నిలిచింది. తినేవి, గాలి ఆడని జాకెట్, సన్‌స్క్రీన్ హ్యాండిల్ బ్యాగులోకి మార్చాను. వెనక బ్యాగు రోజంతా తెరవలేదు.

బరువు సర్దడంలోనూ మార్పు చేశాను. మొత్తం 11 కిలోలు. పోయినసారి అంతా వెనక క్యారియర్ మీదే ఉండేది. ఇప్పుడు పనిముట్లు, స్టవ్ లాంటి బరువైనవి ముందు చక్రానికి రెండు పక్కలా, కింద వేలాడే బ్యాగుల్లోకి వెళ్లాయి. నెమ్మదిగా తిప్పేటప్పుడు హ్యాండిల్ కాస్త బరువుగా అనిపిస్తుంది. దిగుడులో మాత్రం వెనకభాగం ఊగడం బాగా తగ్గింది. నా మట్టుకు ఆ ఒక్కదానికే ఈ మార్పు చాలు.

టైర్లు 38 మిల్లీమీటర్లవి. గాలి ఒత్తిడి ముందు 45, వెనక 55 పీఎస్ఐతో బయలుదేరాను. తారు లేచిపోయిన 20 కిలోమీటర్ల ముక్క రాగానే రెండింట్లో తలా 8 తగ్గించాను. గాలి గట్టిగా ఉంటే వేగంగా పోతామనుకుంటారు. నున్నటి రోడ్డు మీద కొంతవరకు నిజమే. గరుకు రోడ్డు మీద ప్రతి రాయికీ సైకిల్, మనిషి, సామాను మొత్తం పైకి ఎగురుతాయి, ఆ శక్తంతా వృథా. టైరు కాస్త మెత్తగా ఉంటే ఆ రాయిని అదే మింగేస్తుంది. మరీ తగ్గిస్తే గుంత అంచు తగిలినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఈ రోజు పంక్చర్ అది కాదు. వెనక టైర్లో సన్నని ఇనుప తీగ ముక్క. ట్యూబు మార్చేసి వెంటనే గాలి కొట్టేస్తే అదే తీగ కొత్త ట్యూబులోనూ దిగుతుంది. టైరు లోపలి వైపంతా ఒక గుడ్డతో తుడిస్తే తీగ ఉన్నచోట గుడ్డ పట్టేస్తుంది, వేలూ తెగదు. పాత ట్యూబుకి ప్యాచ్ రాత్రికే. రోడ్డు పక్కన హడావిడిగా అంటిస్తే సొల్యూషన్ ఆరదు. తడి మెరుపు పోయాక అతికిస్తేనే పట్టు నిలుస్తుంది.

ఎత్తులో అతి తేలిక గేరు ముందు 34 పళ్లు, వెనక 34. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒకటే చుట్టు. నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్లు. చూసేవాళ్లకి నవ్వొస్తుందేమో కానీ మోకాళ్లు మాత్రం సంతోషంగా ఉన్నాయి.

అసలు పరీక్ష చివరి 40 కిలోమీటర్ల ఎదురుగాలి. 18 వేగంతో పోయేవాడికి 15 ఎదురుగాలి తగిలితే ఒంటికి తాకే గాలి వేగం 33. గాలి మనల్ని ఆపే బలం ఆ వేగం వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి గాలి లేనప్పటికంటే అది మూడు రెట్లు దాటుతుంది. వేగం మీద పట్టుదల వదిలేసి రెండు గేర్లు తగ్గించాను, కాడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 80 దగ్గర ఉంచాను, హ్యాండిల్ కింది భాగం పట్టుకుని వంగాను. వేగం 13కి వచ్చినా కాళ్లు మండలేదు. చాలాసేపు ఒకే పట్టు మీద ఉండేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడితే వచ్చేదే అది. పది నిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకుంటే తగ్గింది.

రేపు 95 కిలోమీటర్లే, కానీ ఎత్తు 1,200 మీటర్లు. నేల వేడెక్కక ముందు గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తెల్లవారగానే బయలుదేరాలి. ఈ రాత్రికి చైను తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. వెనక బ్రేక్ ప్యాడ్ కూడా చూడాలి, చివరి దిగుడులో గీసినట్టు చప్పుడొచ్చింది.