మినీడిస్క్ రికార్డర్ కొనాలా, వద్దా?

జగదాంబ కూడలి దగ్గర పాత సామాన్ల దుకాణంలో సోనీ మినీడిస్క్ రికార్డర్ (చిన్న డిస్కుల మీద ధ్వనిని రికార్డు చేసి వినిపించే యంత్రం) ఒకటి అమ్మకానికి ఉంది. 1992లో వచ్చిన ఈ పరికరాలను సోనీ 2013లో ఆపివేసింది; ఖాళీ డిస్కుల ఉత్పత్తి కూడా 2025 ఫిబ్రవరిలో ముగిసింది. ధర కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది డిస్కును చదివే లేజర్ భాగం: అది బలహీనపడితే మరొక పాత యంత్రాన్ని విప్పి తీయవలసిందే. పైగా, విశాఖ ఉప్పుగాలికి లోపలి భాగాలు ఎంత తుప్పు పట్టాయో మూత తీస్తే గాని తెలియదు (దుకాణదారు తీయనివ్వడు). పాటలు వినడానికే అయితే, అట్రాక్ అనే సోనీ పద్ధతిలో, కొంత నాణ్యత పోయేలా కుదించిన ధ్వని కోసం ఇంత శ్రమ అనవసరం. అయితే మా మామయ్య కచేరీలు రికార్డు చేసిన డిస్కులు మా ఇంట్లో ఉన్నాయి. హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీగ కలిపి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. కనుక ఒక డిస్కు తీసుకువెళ్లి, అది చివరిదాకా ఆగకుండా మోగితే, బ్యాటరీ గది శుభ్రంగా ఉంటే కొంటాను; రికార్డింగు పనిచేయకపోయినా పట్టించుకోను.